లోపలి వాత

నాయన కాలేయంలో ఉన్న గడ్డ కేన్సరేనని తేలిన రోజు, నెల్లూరు డాక్టరు మాకు తన బొటనవేలి గోరు చూపించాడు.

"ఇప్పటికి ఇంతే ఉంది. కడుపు కోయనక్కర్లేదు. డొక్కలోంచి సన్నటి సూది పంపి గడ్డ వరకే కాల్చేస్తాం. పెరిగితే మాత్రం సూదికి లొంగదు. ఆలస్యం చేయొద్దు," అన్నాడు.

నాయనకు ఆసుపత్రి బల్లంటేనే వణుకు. తిరుగు బస్సులో సంగం ఊరు దాటినా ముందు సీటు కమ్మీ వదల్లేదు. స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని కదా, ఆయన్ని ఒప్పించాలని తెలివి చూపించాను.

"చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే చేతికి వాత పెట్టించలేదా? ఇదీ అట్టాంటిదే నాయనా. లోపల పెడతారు, అంతే."

అప్పుడు నవ్వాడు. గెలిచాననుకుని ఆత్మకూరులో మా ఇంటికి దిగిపోయాను. వెనక సీట్లో కూర్చుని అంతా విన్న అన్న ఆయన్ని ఉదయగిరిలో వాళ్లింటికి తీసుకెళ్లాడు.

తర్వాతి వారం అన్న ఫోన్ చేశాడు. "నెల్లూరుకి పోయొచ్చినాం. సూదితో కాల్చేసినారు. నీకు స్కూలుండాదని పిలవలేదు." నాయన కూడా ఫోన్ అందుకుని, "నొప్పే లేదు తల్లీ," అన్నాడు. ఆ సంతోషంలో వీధంతా లడ్లు పంచాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు నెలలకు, మళ్లీ స్కాన్ తీయించాలని గుర్తుచేద్దామని ఉదయగిరి వెళ్లాను. అన్నం తింటూ నాయన మజ్జిగ గ్లాసు కోసం చేయి చాపితే చొక్కా పైకి జరిగింది. మణికట్టు పైన రెండు నల్లటి కాలిన మచ్చలు. కంచం పక్కకు నెట్టాను. ఆసుపత్రి కాగితాలు చూపించమంటే అన్న కదల్లేదు.

"ఏందన్నా ఇది?"

"నువ్వే గదా వాతే అన్నావు," అన్న గొంతు పెంచాడు. "దానికి నెల్లూరు దాకా ఎందుకు? కొండ కింద వాతలు పెట్టే ముసలాయన ఉండాడు గదా, ఆయనే పెట్టినాడు. నీకు చెప్పబాకని నాయనే అన్నాడు."

నాయన కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒళ్లు మండిపోయింది. అన్న అబద్ధమాడితే పోట్లాడగలను. తల్లీ అని పిలిచి మరీ మోసం చేసిన మనిషిని ఏమనాలి?

మరునాడు ఇద్దర్నీ నెల్లూరు లాక్కెళ్లాను. స్కాన్ చూసి డాక్టరు ఈసారి గోరు చూపించలేదు, పిడికిలి బిగించి చూపించాడు. సూదితో అయ్యే పని కాదిక, అన్నాడు.

తిరుగు బస్సులో నాయన ఆ మచ్చల మీదికి చొక్కా లాక్కున్నాడు. "కాల్చేటప్పుడు అరవలేదమ్మా. నువ్వు చెప్పినావు గదా, తగ్గిపోతాదిలే అని ఓర్చుకున్నా."

నేను కిటికీ వైపు తిరిగాను. ఆత్మకూరు వచ్చింది. దిగలేదు.