ఉలవలు పరిచిన రోడ్డు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. చిత్తూరు చుట్టుపక్కల పల్లెలకు కొత్తగా వేసిన తారు రోడ్ల వల్ల జనం ఎంత బాగుపడ్డారో అడిగి రాసుకురావడం నా మొదటి ఉద్యోగం. (బాగుపడ్డారా లేదా అని కాదు, ఎంత బాగుపడ్డారని. మొదటి ప్రశ్నకు జవాబు మా ఆఫీసరు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు.)

నున్నటి రోడ్డు చూసి బండి జోరు పెంచాను. మలుపు తిరగ్గానే రోడ్డంతా ఉలవ పంట. కోసిన ఉలవ చెట్లు రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయి, మా వైపు అదో అలవాటు. బండి ఒక పక్క, నేనొక పక్క పడ్డాం. మోకాలు చీరుకుపోయింది, కొత్త ప్యాంటు చిరిగింది. అక్కడే నిలబడ్డ అవ్వ మీద ఇంతెత్తున లేచాను. "రోడ్డేసింది బండ్లు పోయేదానికా, మీ ఉలవలకా?"

అవ్వ నిమ్మళంగా కొంగుతో నా మోకాలు తుడిచి, "గుంతలున్నప్పుడే మేలు నాయనా. బస్సు మెల్లంగా వస్తా ఉండె, సెయ్యెత్తితే నిలిపేవోడు. ఇప్పుడు ఈడ ఊరుండాదని గూడా సూడడు. మనవరాలికి మొన్న ఒక పరీక్ష అట్లే పోయె. ఈ పొద్దు ఇంకోటి. ఉలవలు పరిస్తేనన్నా మెల్లంగా వస్తాడని" అంది. పక్కన ఆ పిల్ల హాల్ టికెట్టు పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంది.

అంతలో బస్సు వచ్చింది, ఉలవలు చూసి నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఈడ స్టాపింగ్ లేదు, జరగండప్పా" అన్నాడు. అవ్వ మీద సగమే ఖర్చయిన నా కోపం మిగతాదంతా అతని మీదికి మళ్లింది. పడిన బండిని ఈడ్చుకెళ్లి బస్సుకు అడ్డం పెట్టాను. "నేను రోడ్డు చూడ్డానికి వచ్చినోణ్ణి. ముందు ఆ పిల్లను ఎక్కించుకో" అన్నాను. నా మెడలో వేలాడే కార్డు, కాలి మీద నెత్తురు చూసి పెద్ద ఆఫీసరనుకున్నాడేమో, ఎక్కించుకున్నాడు.

మా ఫారంలో 'ప్రయాణ సమయం తగ్గిందా?' అన్న చోట, 'బస్సుకు తగ్గింది, జనానికి తగ్గలేదు' అని రాశాను. "మన పని రోడ్డు, బస్సు కాదు" అని ఆఫీసరు కొట్టేశాడు. ఎవరి కోసం వేశారయ్యా ఆ రోడ్డు? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బస్సుకు బండి అడ్డం పెట్టిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. ఇప్పుడు నాకు బీపీ ఉంది. కోపం తగ్గించుకోమన్నాడు డాక్టరు, తగ్గించుకున్నాను. బస్సు మాత్రం ఆ ఊళ్లో ఇంకా ఆగడం లేదట.