రైలుపట్టా గంట

జీడితోటలో పనిచేసే ఆడవాళ్లకి వాచీలు లేవు, వాటి అవసరమూ లేదు. పూండి దగ్గరి ఆ ఊరి బడిలో వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుపకడ్డీతో కొడితే చద్దన్నం వేళ. మళ్లీ కొడితే నీళ్లు తాగే వేళ. ఆఖరుసారి గణగణలాడితే ఇల్లు చేరే వేళ. ఊరంతా ఆ గంట మీదే బతికేది. అప్పలనరసమ్మ ఒక్కతే ఆ గంటంటే హడలిపోయేది.

అది రెండువేల నాలుగో ఏడు వేసవి, ఒంటిపూట బడులు. గంట మోగగానే అప్పలనరసమ్మ పండునుంచి గింజ మెలిపెట్టి తీయడం మరిచి బాట వంక చూసేది. కాసేపటికి రెండు చెవులూ మూసుకుని, బడినుంచి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చేది ఆమె కూతురు, ఏడేళ్ల సంజన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. వాళ్లమీద కోపం తెచ్చుకునే తీరిక కూడా ఆ తల్లికి లేదు.

సంజన మాట్లాడదు. పేరు పెట్టి పిలిచినా తల తిప్పదు. దెయ్యమన్నవాళ్లున్నారు, చెవుడన్నవాళ్లున్నారు. చెవుడే అయితే గంటకి ఆ పరుగెందుకని ఒక్క మహానుభావుడికీ తోచలేదు. టెక్కలిలో శిక్షణకి వెళ్లొచ్చిన నీలమ్మ టీచరు ఒకనాడు ఇంటికొచ్చి "ఆటిజం" అనే మాట చెప్పింది. "దెయ్యమూ కాదు, చెవుడూ కాదు నరసమ్మా. దాని తీరే వేరు. అయినా అందరి పిల్లలతోపాటే కూర్చోవాలి" అంది. ఆ కొత్త మాటకి అప్పలనరసమ్మకి నోరు తిరగలేదు గానీ, చివరి ముక్క మాత్రం మనసులో నాటుకుపోయింది.

అక్కడే పొరపాటు చేసింది. "దాన్ని గంట కిందే కూకోబెట్టండి టీచరమ్మా, అలవాటైపోద్ది" అని బతిమాలింది. నీలమ్మకి తెలిసిందీ అరకొరే. సరేనంది. మర్నాడు గంట మోగగానే పిల్ల తన మణికట్టు తనే రక్తం వచ్చేలా కొరుక్కుంది. హెడ్మాస్టరు ఢిల్లేశ్వరరావు చెడ్డవాడు కాదు, బెదిరిపోయాడంతే.

"సోమారం నుంచి దీన్ని పంపకమ్మా. ఏదైనా అయితే నా పీక మీదికొత్తాది" అన్నాడు.

గంట తీసేద్దామంది నీలమ్మ. తోటల్లో ఆడవాళ్లంతా గయ్యిమన్నారు. "గంట నేకపోతే మాకు పొద్దెలాగ తెలుత్తాది?" అప్పలనరసమ్మ నోరెత్తలేదు. ఆమె పనీ ఆ గంట మీదే నడిచేది మరి.

ఆదివారం సాయంత్రం నీలమ్మ అప్పలనరసమ్మ ఇంటికి వెళ్లేసరికి, సంజన వాకిట్లో గిన్నె మూత బోర్లించి గరిటెతో టంగుటంగుమని వాయించుకుంటోంది. చెవులు మూసుకోలేదు.

"ఇదేటి నరసమ్మా? ఈ చప్పుడుకి భయం నేదా?"

"అదే వాయించుకుంటే ఏటీ అనదు టీచరమ్మా. నా సేతిలో సెంబు జారితే మాత్రం ఇల్లెగరగొట్టేత్తాది."

అంటూనే అప్పలనరసమ్మ ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే నీలమ్మ హెడ్మాస్టరు ముందు నిలబడింది. "ఒక్కరోజివ్వండి మేస్టారూ. గంట కొట్టే కడ్డీ ఈ పిల్ల చేతికే ఇద్దాం." ఆయన గొణిగాడు, తల గోక్కున్నాడు, చివరికి సరేనన్నాడు.

కూతుర్ని దింపి తోటకి వచ్చిందన్నమాటే గానీ, అప్పలనరసమ్మ చేతులు పనిలో లేవు. ఇవాళ కూడా పరుగెత్తుకొచ్చిందా, ఇంక దానికి బడి లేనట్టే.

టంగ్. కాస్త ఆగి, ఇంకొకటి.

"ఇయ్యాల గంటకి కూడెట్టనేదేటి, ఇంత నీరసంగా మోగింది!" అని పక్క చెట్టు కింద దేముడమ్మ నవ్వింది.

అప్పలనరసమ్మ బాట వంక చూసింది. ఓ దూడ అడ్డంగా నడిచిపోయింది. ఇంకాసేపు చూసింది. ఎవరూ రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లెగండే, సద్దన్నం తిందుము" అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "మా గుంట గంట కొట్టింది."