ఉప్పుగాలి మీద మోపిన నేరం

ఆగిపోయిన టీవీ తెస్తే ధనరాజ్ మొదట అడిగే మాట ఒక్కటే. "ఎర్ర లైటు ఎలుగుతోందా?" వెలుగుతుంటే ఇంకా ప్రాణం ఉన్నట్టు. లేకపోతే వెనక మూత విప్పి పవర్ బోర్డు చూడాలి.

బరంపురంలో మా వీధి చివర అతని కొట్టు. తండ్రి మిల్లు పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. మిల్లు మూతపడ్డాక కొడుకు డబ్బా టీవీలు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు. డబ్బాలు పోయి పలక టీవీలు వస్తే మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. మారనిది విశ్వకర్మ పూజ ఒక్కటే. ఆ రోజు పనిముట్లు ముట్టుకోడు. స్క్రూడ్రైవర్లకు, మీటరుకు బొట్లు పెట్టి, మామిడాకుతో కుంకుమ కలిపిన కలశం నీళ్లు కొట్టంతా జల్లుతాడు. బాగుచేసిన టీవీల మీద కూడా జల్లుతాడు, మళ్లీ పాడవకుండా దేవుడి కాపలా అని. డబ్బా టీవీల కాలంలో ఆ నీళ్లు ఎవరికీ హాని చెయ్యలేదు.

ఈసారి పూజనాటికి, సముద్రం ఒడ్డున ఉన్న చమఖండి నుంచి చిట్టమ్మ తెచ్చిన టీవీ దుప్పటి మీద బోర్లా పడుకుని ఉంది. ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చేశాడు, ఎర్ర లైటు వచ్చింది, మూత బిగించడమే మిగిలింది. దాని మీదా నీళ్లు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే చూసుకోకుండా ప్లగ్గు పెట్టాడు. టప్పుమంది. పవర్ బోర్డుతోపాటు మదర్‌బోర్డు కూడా పోయింది. కాలిన చోట తడి ఆరలేదు, పక్కన కుంకుమ మరక.

మధ్యాహ్నం చిట్టమ్మ బస్సు దిగి వచ్చింది. మొగుడు అప్పలరాజు సముద్రంలో చేపల వేటకు వెళ్లేవాడు. పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ మాటా పడిపోయాక, అతనికి మిగిలింది మంచం, పక్కన కిటికీ, ఎదురుగా ఆ టీవీ.

"అయిపోనాదా మిస్త్రీ బాబూ?"

"లేదమ్మా. ఉప్పుగాలి. మదర్‌బోర్డు తినేసినాది."

అబద్ధం ఎవరైనా చెప్తారు. నమ్మే అబద్ధం చెప్పడానికి మాత్రం పని తెలిసుండాలి. సముద్రం ఒడ్డు టీవీలను నిజంగానే ఉప్పు తింటుంది.

చిట్టమ్మ టీవీని కాసేపు చూసింది. "అయితే నానే సంపేసినాను. ఆడికి కెరటాల సప్పుడు ఇనబడాలని రాత్రీ పగలూ కిటికీ తీసే ఉంచినాను."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ధనరాజ్ స్క్రూలు డబ్బాలో వేసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె వెళ్లాక, అన్నం క్యారేజీ తెచ్చిన భార్య రామతులసి బోర్డు కేసి చూసింది. "ఉప్పుకి కుంకుమ రంగు ఎప్పుడొచ్చినాదేటి?"

"నువ్వు క్యారేజీ అక్కడెట్టి ఎల్లు."

"ఎల్తాను. దేముడి మీద కూడా నేరం పడకుండా కాసినావు, మంచిదే."

అన్నం సయించలేదు. పాత సామాను కొట్లన్నీ తిరిగి, తెర పగిలిన అదే మోడల్ టీవీ ఒకటి వెతికి పట్టుకున్నాడు. రెండు బోర్డులూ తీసి చిట్టమ్మ టీవీకి వేశాడు. ఊరికే ఇచ్చేస్తే లెక్క సరిపోతుందనుకున్నాడు. నోరు విప్పకుండా తప్పు తీర్చుకునే దారి దొరికితే మనలో ఎవరు మాత్రం వదులుకుంటారు?

ఆటోలో పెట్టుకుని తనే చమఖండి తీసుకెళ్లాడు. లోపల అడుగుపెడితే ఏమీ కనిపించలేదు. కిటికీకి చెక్కలు అడ్డంగా కొట్టి, సందుల్లో ప్లాస్టిక్ పట్టా కుక్కి ఉంది. ఆ ఉక్కలో అప్పలరాజు చెమటకు తడిసి పడుకుని ఉన్నాడు.

"నీ మాట ఇని మూసేసినాను బాబూ," అంది చిట్టమ్మ పొయ్యి మీద టీ పెడుతూ. "ఇంక గాలి సొరబడదు."

టీవీ పెట్టాడు. ఎర్ర లైటు, ఆ వెంటనే బొమ్మ. చిట్టమ్మ మొహం విప్పారింది. అప్పలరాజు బొమ్మ వైపు చూడలేదు. చెక్కల వైపే చూస్తున్నాడు.

"ఆ చెక్కలు తీసేయమ్మా."

"తీస్తే మళ్లీ పోదా?"

ధనరాజ్ చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. "ఉప్పు కాదమ్మా. నాను. పూజ నీళ్లు జల్లినాను, బోర్డు మీద పడినాయి. సూసుకోకుండా కరెంటు ఎట్టినాను."

చిట్టమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"కరెంటుకి నీళ్లు పడవని నాక్కూడా తెలుసు. నీకు తెల్దేటి?"

"తెలుసు."

"తెలిసి నా మీద ఏసినావు. ఆడిని సీకట్లో ఎట్టినాను, నా సేతుల్తో."

మంచం కింద నుంచి సుత్తి లాగి అతని ముందు పడేసింది. "నువ్వే తియ్యి."

మేకులు గట్టిగా దిగగొట్టింది. ఒక్కొక్కటే వంచి పీకాడు. చివరి చెక్క ఊడగానే గాలి లోపలికి కొట్టింది, వెనకే కెరటాల చప్పుడు. అప్పలరాజు కష్టం మీద మెడ అటు తిప్పాడు. చిట్టమ్మ టీవీ కట్టేసి మొగుడి పక్కన కూర్చుంది.

పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆమె పొయ్యలేదు, అతను అడగలేదు. సుత్తి గుమ్మం పక్కన పెట్టి బయటికి నడిచాడు.