డబ్బా అడుగున కాగితం

కెనడాలోని మానిటోబాలో ఒక చిన్న ఊళ్లో హెల్గా వీబ్ ముప్పై ఏళ్లుగా చర్చి వంటగదిలో, పెద్దదాని మీద చిన్నది అతికించి కాల్చే జంట బన్నులు చేస్తోంది. ఎవరింట చావు జరిగినా డబ్బా నిండా బన్నులు, అడుగున ఒక సువార్త కరపత్రం వెళ్లాల్సిందే. చర్చి ఆడవాళ్లు పెట్టుకున్న ఆనవాయితీ అది.

పక్కింటి ఓరెస్ట్ దేవుణ్ణి నమ్మడు. కిందటేడు కరపత్రం తెచ్చిన సంఘపెద్దను వీధి చివరిదాకా తరిమాడు. ఇప్పుడు ఆయన భార్య పోయింది. డబ్బా పట్టుకుని హెల్గా ఆ గడప ముందు ఆగింది. కాగితం పెట్టకపోతే దేవుడికేం జవాబు చెప్పాలి? పెడితే ఈయనకేం చెప్పాలి? చివరికి దాన్ని తీసి కోటు జేబులో కుక్కుకుంది.

తలుపు తీసిన ఓరెస్ట్ డబ్బా లాక్కుని, బన్నులన్నీ బల్ల మీద గుమ్మరించి, అడుగు తడిమాడు.

"ఏదమ్మా మీ కాగితం? నరకం బొమ్మ ఉంటుందే, అది?"

"పెట్టలేదండీ."

"ఏం, నా మీద ఆశ వదిలేసుకున్నారా?"

హెల్గా బల్ల మీది బన్నులు ఏరి మళ్లీ డబ్బాలో పెట్టసాగింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మీ ఆయన పోయినప్పుడు నీకు భయం వేయలేదా? మీవాళ్లకి పరలోకం ఉందిగా!"

"వేసిందండీ. ఇప్పటికీ దీపం ఆర్పి పడుకోలేను."

ఈ మాట ఆమె చర్చిలో ఎవరికీ చెప్పలేదు.

ఓరెస్ట్ తన భార్య కూర్చునే కుర్చీని ముందుకు తోశాడు.

"కూర్చో తల్లీ. ఈ ఇంట్లో నాలుగు రోజులుగా ఒక్క దీపమూ ఆరలేదు."