సగంలో చుట్టిన పటం

పందొమ్మిది వందల నలభైల చివర్లో నేను మాదాపూర్‌లో బడిపంతుల్ని. ఊరంటే పాతిక ఇళ్లు, పాతిక లక్షల బండరాళ్లు. ఆ బండల మధ్య అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, నా తెలివి గోల్కొండ కోటలో కూడా పట్టదని నా నమ్మకం.

మా బట్టలుతికే చాకలామె నాకంటే పదేళ్లు పెద్ద. అయినా ‘ఏమే’ అనే పిలిచేవాణ్ణి. ఊరంతా అంతే. ఏడాదిలో ఒక్క రోజు మాత్రం ఈ వరస తిరగబడేది. చాకలివాళ్ల కులకథ చెప్పేవాడు బొమ్మల పటంతో వచ్చేవాడు. తాడిచెట్టంత గుడ్డ, దాని నిండా వాళ్ల మూలపురుషుడు. కథ నడిచినంతసేపూ, వాళ్లలో పెద్దదిగా ఆమె మంచం మీద కూర్చునేది. పటేలుతో సహా మేమంతా నేల మీద. ఆచారం అది.

ఆ ఏడాది కథలో మూలపురుషుడు దేవతల చీరలు ఉతకడానికి పాలసముద్రంలో దిగాడు. నా నాలుక దురద ఆగలేదు.

“పాలల్ల ఉతికితే మరకలు పోతయా, ఇంకిన్ని అంటుతయా?”

పటేలు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి మూడు బండలు దొర్లాయని నేనే ప్రచారం చేసుకున్నాను. “చుట్టు ఇగ నీ అబద్ధాల గుడ్డ,” అన్నాడతను. కథకుడు చుట్టేశాడు. ఆమె మంచం దిగింది.

మర్నాడు బట్టల మూట కోసం వచ్చి గడప అవతల నిలబడింది.

“పంతులూ, మీరు సదువుకున్నోళ్లు. గది అబద్ధమే అనుకుందాం. మరి మేమెవలం? జర చెప్పుండ్రి.”

“కథే గద, గింత ఫికరెందుకే?”

“మీకు బడున్నది, పుస్తకాలున్నయి. మాకు గదొక్కటే. మా తాత ఇంకా పాలల్లనే నిలబడ్డడు.”

దేవతలు చీరలు ఉతికించుకున్నారని నేనిప్పటికీ నమ్మను. కానీ ఆ కథలో ఆమెకొక తాత ఉన్నాడు, తాతకో పని, ఆ పనికో మర్యాద. వాటిని లాక్కున్నాక బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

కథకుడుండే చందానగర్ దాకా నడిచి అతన్ని బతిమాలాను. మూడు కోసుల దూరం; ఇంట్లో ముప్పై అని చెప్పాను. అతను వచ్చి మళ్లీ పటం విప్పాడు. ఊరందరి ముందూ ఆమెతో, “అమ్మా, మంచం మీద కూసో,” అన్నాను.

“ఇన్నేండ్లు మా తాత కూసోమంటె కూసున్న,” అంది. “ఇయ్యాల మీరు కూసోమంటున్నరు. వద్దు తియ్యుండ్రి.”

కథ అయ్యేదాకా నిలబడే విన్నది. మంచం ఖాళీగానే ఉంది కదా అని పటేలు ఎక్కి కూర్చున్నాడు. అతన్ని లెమ్మనడానికి మాత్రం నాకు నోరు పెగల్లేదు.