అడిగితే ఇస్తం, ఎత్తుకపోతే ఇయ్యం

మా మామ పోయిండు. మొన్న బేస్తారం పొద్దుగాల, నిజామాబాద్ పెద్ద దవాఖానల. నేను కింద దుకాణంల ఆయనకు మందులు కొంటున్న. ఫోన్ల మా అత్త ఊకె ఏడ్సింది. చేతుల ఉన్న మందులు మళ్ల దుకాణపాయనకే ఇచ్చిన.

రుద్రూర్ దిక్కు చెరుకు చేండ్ల నడుమ మా లంబాడ తండా. మామ దానికి నాయక్. ఆయనను ఇంటికి తెచ్చినంక ఎస్సై సారు వచ్చిండు. జీపును రోడ్డు మీది కల్వర్టు కాడ ఆపి, టోపీ చేతుల వట్టుకొని నడుసుకుంట వచ్చిండు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు పరేషానైండ్రు. "తొవ్వ మంచిగనే ఉన్నది గద, బండి లోపటికి ఎందుకు రాలే?" అని గుసగుసలు. అది మామ పెట్టిన రివాజు. దాని ముచ్చట మీకు చెప్పాలె, లేకుంటె మామ ఎసొంటి మనిషో మీకు తెల్వది.

చక్కెర ఫ్యాక్టరీ నడిసిన రోజులల్ల ఏ బాయి కాడ మోటరు పోయినా, ఎవల మ్యాక మాయమైనా జీపు సీదా మా తండాకే వచ్చేదట. మా మీద ఆ దొంగల ముద్ర ఎన్నడో పడ్డది, ఎంత కడిగినా పోదు. ఒక మోటరు పోయిందని మామ తమ్మున్ని గట్లనే ఎత్తుకపోయిండ్రు. మోటరు ఆఖరికి దాని ఆసామి అల్లుని ఇంట్లనే దొరికింది. తమ్ముడు మాత్రం మళ్ల చెరుకు కత్తి వట్టలే. ఠాణాల తిన్న దెబ్బలకు వట్టే తాకతు లేకుంట అయ్యింది.

అప్పటి సంది మామ ఒకటే మాట వట్టుకున్నడు. "అడిగితే ఇస్తం, ఎత్తుకపోతే ఇయ్యం." జీపు కల్వర్టు దాటద్దు. ఎవల మీద అనుమానమున్నా నాయక్‌కు చెప్పాలె, నాయకే ఆ మనిషిని ఎంటవెట్టుకొని ఠాణాకు నడిసొస్తడు. కొత్త ఎస్సై వచ్చినప్పుడల్ల పోయి మళ్ల మొదటి నుంచి ఇదే చెప్పుడు. కొందరు ఇన్నరు, కొందరు తిట్టిండ్రు. ఒకాయన బయటికి నడువుమంటె మామ బయటికి నడిసి, ఆ గేటు కాడనే కూసున్నడు. మొండోడు రాజు కంటె బలవంతుడని మా అత్త ఊకె అంటుంటది, పొగుడుతుందో తిడుతుందో తెల్వది.

ఠాణా మెట్ల కాడ, లోపటికి పంపే ముందు, మామ ఆ మనిషి అంగి ఇప్పించేటోడు. ముంగట, ఎనుక తిప్పి సూపెడుతుండె. "సూడుండ్రి సార్, ఒంటి మీద ఒక్క గీత లేదు. నేను గిట్ల ఇస్తున్న, నాకు గిట్లనే ఇయ్యాలె." ఒక సారుకు కోపమొచ్చి, "ఏమయ్యా, ఇదేమన్న దవాఖానా?" అన్నడట. "కాదు గద సార్, గందుకే సూపెడుతున్న" అన్నడట మామ. ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల మా కంటె ముందుగాల ఆయనే నవ్వుతుండె.

ఇంకోటి యాదికొస్తుంది. ఫోన్ మోగితే ఆయన తలకు రుమాలు సుట్టుకున్నంకనే ఎత్తుతుండె. సుట్టుకునేలోపల ఫోన్ కట్టయ్యేది. "మామా, ఆళ్లకు నువ్వు కనపడవే" అంటె, "నాకు నేను కనపడుత గద" అంటుండె. ఏం చెప్పాలె ఆ మనిషికి!

ఇగ నా సంగతి. ఆయన కొడుకే నా పెనిమిటి. తాగితే మనిషి కాదు. చెరుకు నరికే కాలంల ఒకనాడు పొయ్యి కట్టె తోటి కొట్టిండు, నా ఎడమ చెయ్యి ఇరిగింది. తండా పెద్దమనుషులు ఇంటికొచ్చిండ్రు. నాయక్ తర్వాత మాట చెల్లేది కారభారిది. ఆ కారభారి కాక అన్నడు: "ఇది ఇంటి మాట. మన నసాబ్‌ల, మన పంచాయితిల తెంపుదం. నాయక్ కొడుకే ఠాణా ఎక్కితే తండా ఇజ్జత్ ఏం గావాలె? ఆళ్లది ఆళ్లే తెంపుకోలేరు అని రేపు జీపు లోపటికొస్తది. నీ ఇన్నేండ్ల కష్టం బూడిదల పోసిన పన్నీరే."

నాకు గూడ అది నిజమే అనిపిచ్చింది. నా ఒక్క చెయ్యి కోసం తండాను ఆగం జేసుడెందుకు? "నేను ఓర్సుకుంట మామా" అన్న.

"ఓర్సుకొమ్మని నిన్ను అడిగిన్నా? నీకేం గావాలె, గది చెప్పు."

"భయం లేకుంట బుక్కెడు బువ్వ తినాలె."

మామ తల అడ్డంగ ఊపిండు. "గది నా నసాబ్‌తోటి అయ్యేటట్టు లేదు బిడ్డా. ఇంతకుముందు ఒట్టు వెట్టించిన. ఒట్టు తీసి గట్టు మీద వెట్టిండు."

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు, నువ్వేంది?" అన్నడు కారభారి కాక.

"ఈశ్వరుడు పట్టకపోతె నాయక్ పట్టాలె. మంది పోరలను నడిపిచ్చిన తొవ్వల నా పోరడు నడువద్దా?"

నడిపిచ్చిండు. చేతికి కట్టు కట్టుకొని నేను ఎనుక నడిసిన. మెట్ల కాడ అందరికి ఇప్పించినట్టే కొడుకు అంగి ఇప్పించిండు. "వీని ఒంటి మీద గీత లేదు సార్. నాకు గిట్లనే ఇయ్యాలె. వీడు కొట్టిన దెబ్బలు నా కోడలి ఒంటి మీదున్నయి, గవి గూడ రాసుకోండ్రి." కేసైంది. ఆ దినమంత మామ ఠాణా ముంగటనే కూసున్నడు, కొడుకు కోసమే. పచ్చి మంచినీళ్లు ముట్టలే.

జీపు లోపటికి రాలే. మా తండోళ్లే మా ఇంటికి రావుడు బందువెట్టిండ్రు. అత్త ఆయనతోటి చాన దినాలు మాట్లాడలే. కొడుకు బయటికొచ్చినంక మామ నసాబ్‌ల నిలబడి ఒకటే మాట చెప్పిండు: "కోడలు రమ్మంటెనే వాడు తండాల అడుగు వెట్టాలె." నాకు ఆయన అడుగు అక్కెర లేకుండె. కొడుకు బతకనీకి భివండికి పోయిండు. పండుగ పండుగకు మామ రుమాలు సుట్టుకొని ఆయనకు ఫోన్ జేస్తుండె. అటు దిక్కు ఎత్తకపోయేది. నేను పొయ్యి కాడ కూసొని సూస్తుంటి. నా కోసం మామ కన్నకొడుకును పోగొట్టుకున్నడు. గా మాట నాతోటి ఒక్కనాడు అనలే. అంటె నేను ఏడ్సి ఊకుందునేమో. అననందుకే ఇప్పటికీ గది మోస్తున్న.

మొన్న వాకిట్ల మామను పండవెట్టినంక నేను తల కాడ కూసున్న. కారభారి కాక వచ్చి నా పక్కపొంటి మోకాళ్లు వట్టుకొని కూసున్నడు. ముసలోడైండు.

"వాడు వచ్చిండు బిడ్డా. రోడ్డు మీద నిలబడ్డడు. మేం రమ్మనలే. నీ మాట ఏంది?"

డప్పు ఆగింది. తండా అంత నా మొకమే సూస్తుంది. అత్త ఏడ్సుడు ఆపి నా దిక్కు సూసింది. చలికి ఆ ఇరిగిన చెయ్యి నాకు ఇప్పటికీ గుంజుతది. రావద్దు అంటె ఎవ్వలు ఎదురు చెప్పకపోదురు.

"రమ్మను కాకా" అన్న. "తండ్రికి మట్టి వెయ్యనీ."

వచ్చిండు. జుట్టు నెరిసింది. మా రివాజుల పోయినోని తల కాడి జాగ కొడుకుదే, ఆడోళ్లు ఎనుకకు జరగాలె. ఆయన ఆ జాగ దిక్కు ఒక్కపారి సూసిండు. నేను మామ నొసటి మీది చెయ్యి తియ్యలే. ఆయనే పోయి మామ కాళ్ల కాడ వడి, "బాపూ" అని ఏడ్సిండు.

ఎవ్వలు నన్ను జరుగుమనలే.