గ్రాఫిక్స్ కార్డూ మగ్గం గది బల్బూ

ఆ రోజు మహబూబ్‌నగర్ కంటి దవాఖానలో డాక్టరమ్మ ప్రశ్న అడిగింది నన్ను కాదు, నా భార్యను.

"అమ్మా, మీరు పని చేసే కాడ వెలుతురు మంచిగ ఉంటదా?"

జవాబు నేను చెప్పాను. "ఫుల్ లైటు మేడం. మగ్గం మీదికే బల్బు దించిన."

బల్బు దించిన మాట నిజమే. కానీ ఆ బల్బు సాయంత్రం పూట ఎందుకు తగ్గుతూ పెరుగుతూ ఉంటుందో ఆ గదిలో ఉన్న ముగ్గురిలో నా ఒక్కడికే తెలుసు. రెండు రోజుల ముందే తెలుసు. తెలిసీ ఆమెను బస్సెక్కించి నారాయణపేట నుంచి అంత దూరం తీసుకొచ్చి, కళ్ళలో చుక్కలు వేయించి, గడ్డం పీట మీద పెట్టించి, పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను.

డాక్టరమ్మ చీటీల పుస్తకం ముందుకు లాక్కుంది. "నాకైతే ఇక్కడ ఏం దోషం కనిపిస్తలేదు. లైటు బాగున్నా మసక వచ్చిపోతాంది అంటున్నరు కాబట్టి, ఒకసారి హైదరాబాద్‌ల కంటి నరాల పరీక్ష చేయించండి."

నరాలు అన్న మాట దగ్గర నా భార్య ముఖం చిన్నబోయింది. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తలూపి చీటీ తీసుకున్నాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని ఒక కన్ను మూసి దుకాణాల బోర్డులు చదవసాగింది. తర్వాత రెండో కన్ను మూసింది.

"గా పసుపు పచ్చ బోర్డు మీద ఏముంది? సిమెంటు, ఇనుము అనే కదా?"

"అవ్."

"దాని కింద సన్నగ, అన్ని రకముల పైపులు."

సన్నటి అక్షరాలు నాకు కనిపించలేదు. ఆమెకు కనిపించాయి.

"దూరంది సక్కగ కనవడుతది. మగ్గం కాడనే మసక. ఇగ నాతోని కాదయ్య. మొన్నటి చీరల వంగపండు రంగు కాడ నల్లది నేసిన. మనకు పట్టు ఇచ్చి నేయించుకునే సేటు ఒక్క మాట అనలే. మడత విప్పి చూసి, మళ్ల మడత పెట్టి పక్కకు పెట్టిండు. తిట్టినా బాగుండు." బోర్డుల మీదినుంచి చూపు తిప్పి అంది: "ఈ పడుగు అయిపోయినంక కొత్తది అతకను. మగ్గం బంద్."

ఆ మాట ఎంత పెద్దదో చెప్పాలి. మా ఇళ్ళలో మగ్గం ఖాళీగా ఉండదు. నిలువు పోగుల వరసను పడుగు అంటాం. పాత పడుగు అయిపోవచ్చే సరికి దాని చివరి పోగులకే కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. మా తాత కాలం నుంచీ ఆ మగ్గం మీద అతుకు తప్పలేదు. నాకు నేత అబ్బలేదు. ఇంటికొచ్చిన కోడలిగా ఆమే మా నాయిన పక్కన కూర్చుని మెళకువలు నేర్చుకుని, ఆయన తర్వాత మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమె లేస్తానంటోంది, నా అబద్ధాన్ని నమ్మి.

నా పని పెళ్ళి వీడియోల మిక్సింగ్. కెమెరా వాళ్ళు తెచ్చిచ్చిన గంటలకొద్దీ వీడియోను కత్తిరించి, రంగులు సరిచేసి, పాటలు కలిపి పెళ్ళివారి చేతికిస్తాను. కింద ముందు గదిలో మగ్గం, పైన రేకుల గదిలో నా కంప్యూటర్. తెలంగాణ వచ్చిన కొత్తలో పాత కంప్యూటర్‌తోనే నెట్టుకొచ్చాను. తర్వాత పెళ్ళివాళ్ళకు బొమ్మ మరీ స్పష్టంగా కావాల్సి వచ్చింది, డ్రోన్ వచ్చింది, నా యంత్రం మొరాయించింది. అంతా కూర్చడం అయ్యాక కంప్యూటర్ ఆ పెళ్ళి మొత్తాన్ని ఒక్క వీడియోగా ముద్ద కట్టాలి. దాన్ని రెండర్ అంటాం. ఒక్క పెళ్ళికి పొద్దంతా పట్టేది.

అందుకని హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెచ్చాను. బొమ్మల లెక్కలన్నీ అదే చేస్తుంది. మూడు ఫ్యాన్లు, ఇటుక కన్నా పొడుగు. క్యాబినెట్‌లో పట్టక ముందువైపు రేకు కోయాల్సి వచ్చింది. నా భార్య చూసి, "ఇది కంప్యూటర్ల పెట్టేదా, కంప్యూటరే దీంట్ల పెట్టాల్నా?" అంది.

బిగించాక మొదటి రెండర్ మధ్యలోనే యంత్రం టప్పున ఆగింది. భాగాలన్నింటికీ కరెంటు పంచే డబ్బాను మేం ఎస్‌ఎంపీఎస్ అంటాం. కార్డు మీద రాసిన వాట్లకు అది సరిపోవాలి. మరెందుకు ఆగింది? నా బుర్రలో పురుగు తొలవడం అక్కడే మొదలైంది. వెతికితే తెలిసింది: ఆ కార్డు కరెంటును సమంగా తాగదు. రాసినంతే తాగుతున్నట్టు కనిపిస్తూ, మధ్యమధ్యలో రెప్పపాటు కన్నా తక్కువ సేపు చాలా ఎక్కువ గుంజుతుంది. ఆ గుంజుడుకు భయపడి డబ్బా తనను తాను ఆపేసుకుంటుంది. పెద్ద డబ్బా కొన్నాను, ఆగడం తగ్గింది. అక్కడితో నేనూ ఆగాల్సింది.

కార్డుకు తయారు చేసినవాళ్ళు పెట్టిన వేగం ఒకటుంటుంది. దాన్ని మనం పెంచుకోవచ్చు. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. తెర మీద ఒక గీత, దాని మీద జరిపే చుక్క, అంతే. ఒకే రకం కార్డులు రెండు తెచ్చినా ఒకటి పోయినంత దూరం ఇంకొకటి పోదట. నా కార్డు ఎంత దూరం పోతుందో ఎవరూ చెప్పలేరు, జరిపి చూడాల్సిందే. కొంచెం జరిపేవాణ్ని, రెండర్ పెట్టేవాణ్ని, వేడి చూసేవాణ్ని. మరీ జరిపితే యంత్రం ఆగదు, తప్పు బొమ్మ గీస్తుంది. ఒకసారి పెళ్ళికూతురి చెంప మీద పచ్చటి చుక్కలు మెరిశాయి.

టీ ఇవ్వడానికి పైకొచ్చిన నా భార్య తెర వైపు చూసింది. "ఏందది, దిష్టి చుక్క పచ్చగ పెట్టినవ్?"

"ఓవర్‌క్లాక్ ఎక్కువైంది."

"నీకే ఎక్కువైంది."

రేకుల గదికి మొదటినుంచీ సన్న వైరే ఉంది. కూలరూ ఆ కార్డూ కలిసి నడిస్తే మీటరు దగ్గర స్విచ్ పడిపోయేది. మీటరు నుంచి కొత్త లావు వైరు లాగాలన్నాడు మా వీధి ఎలక్ట్రీషియన్. దగ్గరి దారి మగ్గం గది గోడ గుండా. కానీ మగ్గం మీద పడుగు ఉండగా ఆ గదిలో గోడకు సుత్తి తగలనివ్వరు మా ఇళ్ళలో. సున్నం రాలి పట్టు మీద పడితే మరక పోదు. ఇంటి బయటినుంచి తిప్పితే వైరు ఎక్కువ పడుతుంది, నిచ్చెన కట్టాలి. నాకు ఆగే ఓపిక లేదు. మగ్గం గది బోర్డు విప్పి, అందులోని పాతదే అయినా లావుపాటి అల్యూమినియం తీగకు నా కొత్త రాగి తీగను చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి, కిటికీలోంచి పైకి లాగేసుకున్నాను.

"గిది గట్టిగుంటదా?" అని అడిగింది నా భార్య.

"పడుగు దిగినంక సక్కగ చేపిస్త."

మగ్గం మీద పడుగు దిగే రోజు రాదని మా ఇద్దరికీ తెలుసు. ఆమె నవ్వి ఊరుకుంది.

కొన్ని వారాలకు ఆమె కింది నుంచి కేకేయడం మొదలైంది. "ఏమయ్య, కరెంటు ఎగురుతాందా?" నేను తెర మీదినుంచి చూపు తిప్పకుండా, "ఎగురుతుండొచ్చు," అనేవాణ్ని. తర్వాత ఆమె కేకేయడం మానేసింది. కళ్ళు నలుపుకోవడం మొదలుపెట్టింది.

దవాఖానకు పోవడానికి రెండు రోజుల ముందు, చీకటి పడే వేళ, రెండర్ పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. మగ్గం గది కిటికీలోంచి వెలుగు వాకిట్లో నలుచదరంగా పడుతోంది. అది తగ్గింది. పెరిగింది. మళ్ళీ తగ్గింది. నా తెర మీద కార్డు తాగే కరెంటు గీత కూడా అలాగే లేస్తూ పడుతూ ఉంది. గీత లేచినప్పుడల్లా వాకిట్లో వెలుగు పడిపోతోంది.

నాకు ఒళ్ళు పులకరించింది. అదే నా సిగ్గు. కింద ఆమె ఉందన్న ఆలోచన ముందు రాలేదు. వేగం చుక్కను ఇంకొంచెం జరిపాను, వెలుగు ఇంకొంచెం కుంగింది. వెనక్కి జరిపాను, తేరుకుంది. రెండర్ ఆపాను, నిలకడగా నిలబడింది. మళ్ళీ పెట్టాను. వాకిట్లో నలుచదరపు వెలుగు నాకు మీటరు అయిపోయింది. మెలిపెట్టిన చోట అతుకు వదులై ఉంటుందని అర్థం చేసుకుని, నా తెలివిని నేనే మెచ్చుకున్నాను. కిందినుంచి, పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె ఆడే చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. చప్పుడు ఆగినప్పుడల్లా ఆమె కళ్ళు నలుపుకుంటోందని ఆలస్యంగా తట్టింది.

అప్పుడే దిగి చెప్పాల్సింది. చెబితే వైరు పీకమంటుంది. ఒక పెళ్ళి వీడియో వారంలోగా ఇవ్వాలి. కళ్ళు ఒకసారి చూపించుకుంటే తప్పేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకునే దవాఖాన దాకా వెళ్ళాను.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆమె చెంబెడు నీళ్ళు తాగి మగ్గం వైపు పోయి, కూర్చోకుండా నిలబడింది. మీద కప్పిన గుడ్డ తీసి పడుగు చివర ఎంత మిగిలిందో చేత్తో కొలుస్తోంది. ఇక ఆపుకోలేకపోయాను.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయ్."

"డాక్టరమ్మకు తెల్వంది నీకెట్ల తెల్సు?"

చెప్పాను. అతుకు, కార్డు, కిటికీ, వాకిట్లో వెలుగు, అన్నీ. ఆమె వింటూ గుడ్డను మడత పెడుతోంది.

"ఎప్పుడు తెల్సింది?"

"మొన్న."

"మొన్న తెలిసి ఇయ్యాల దవాఖానకు తోల్కపోయినవ్."



ఆమె గుంతలోకి దిగి కూర్చుంది. "పైకి పోయి పెట్టు. నేను సూస్త."

"వద్దు, అతుకు వేడెక్కుతది..."

"ఇన్ని దినాలు వేడెక్కలేదా? జరసేపు పెట్టు."

పైకి వెళ్ళి రెండర్ పెట్టాను. కింది నుంచి ఆమె గొంతు: "తగ్గింది... పెరిగింది... మళ్ల తగ్గింది... అయ్యో, నల్లకండె వంగపండు కండె ఒక్కతీరుగనే ఉన్నయ్ గదనే!" ఎవరితో అంటోంది? ఎవరూ లేరు, తనతో తానే. తర్వాత, "ఆపు!" ఆపాను. దిగి వచ్చేసరికి, దారం చుట్టిన ఆ రెండు కండెలూ ఎదురుగా పట్టుకుని చూస్తూ ఏడుస్తోంది, నవ్వుతోంది.

"నేను గుడ్డిదాన్నయితున్న అనుకున్ననయ్య. బస్సుల పిచ్చిదాని లెక్క బోర్డులు చదివిన. నువ్వు పక్కన కూసొని అవ్ అవ్ అంటివి."

"తప్పయింది."

"నీ తప్పు నా కండ్ల మీదికి తోసినవ్. నువ్వు లైటు ఆర్పినా ఇంత బాధ లేకపోవు." గుంతలోంచి లేచి వంటింట్లోకి పోయింది. తిండి పెట్టింది.

పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చాను. బోర్డు విప్పితే నా అతుకు నల్లబడి ఉంది, టేపు కరిగి తీగకు అంటుకుంది. ఆ బోర్డుకు జానెడు దూరంలో పట్టు పోగులు. ఆయన ముందు వాటి వైపు, తర్వాత నా వైపు చూశాడు. "ఏం భాయ్, రాగికి అల్యూమినియానికి ఎవరు జేసిండ్రు నిఖా?" అన్నాడు. నా భార్య లోపలినుంచి, "పెద్దమనిషి ఆయననే," అంది. నిన్నటినుంచి ఆమె నా గురించి అన్న మొదటి మాట అదే.

నిచ్చెన కట్టి ఇంటి బయటినుంచే మీటరు దాకా కొత్త వైరు వేశాం. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. మగ్గం గది తీగ మగ్గం గదికే మిగిలింది. కార్డు వేగాన్ని మొదటి చోటికి తెచ్చి, కరెంటు ఇంకా తగ్గించి ఒక రెండర్ పెట్టి చూశాను. ఇన్నాళ్ళూ నేను పెంచిన ఆ చివరి కొసరు వేగానికి యంత్రం విపరీతంగా తాగి, వేడెక్కి, ఇచ్చింది ఏమంత లేదు. తగ్గించాక పని పూర్తవడానికి ఒక టీ తాగేంత సేపు ఎక్కువ పట్టింది. ఆ టీ సేపు కోసమా ఇదంతా అనుకుంటూ చాలాసేపు తెర ముందే కూర్చున్నాను.

తర్వాత డాక్టరమ్మ చీటీ మీదున్న నంబరుకు ఫోన్ చేసి, వెలుతురు గురించి అబద్ధం చెప్పానని చెప్పాను. ఆమె మొత్తం విని, "హైదరాబాద్ పరీక్ష ఇప్పుడు వద్దు. ఈ లైటుల పది దినాలు నేసి, మసక ఉంటేనే రండి. ఈసారి ఆమెనే మాట్లాడనీయండి," అంది. పెళ్ళివారికి ఫోన్ చేసి వీడియో ఆలస్యమవుతుందని, కారణం నేనేనని చెప్పాను. సేటు దుకాణానికి పోయి, నల్లది పడ్డ చీర విషయం కూడా విప్పి చెప్పాను. ఆయన ఆ చీరను మళ్ళీ తీసి, వెలుగులో పట్టుకుని, "చెయ్యి మారలేదు, నేత గట్టిగనే ఉంది. మసకల నేసిందంటే నమ్మబుద్ధి అయితలేదు," అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. నా భార్య విని, "కొత్త పడుగు ఎన్నడు పంపుతడంట?" అని అడిగింది.

మగ్గం మీదున్న చీరలో కూడా మూరెడు మేర వంగపండు చోట నలుపు పడి ఉంది. దాన్ని విప్పాలి. నేసేటప్పుడు అడ్డంగా పోయిన పోగును పేక అంటాం. విప్పేటప్పుడు అది వచ్చిన దారినే, ఒక్కొక్కటిగా, పడుగు తెగకుండా వెనక్కి రావాలి. నేను చేస్తానన్నాను.

"నీ చేతులు మౌసుకు అలవాటైనయ్. తెంపుతవ్."

"నువ్వు చెప్పినట్టు చేస్త."

ఆమె గుంతలో కూర్చుని కాలితో తొక్కింది. పోగులు పైకీ కిందికీ విడిపోయాయి. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నల్లటి పేకను కొసపట్టి లాగాను.

"మెల్లగ. గుంజకు, రానియ్యి."

అది వచ్చింది. దాన్ని ఖాళీ కండెకు చుట్టాను. ఆమె మళ్ళీ తొక్కింది. పైన కంప్యూటర్ ఆపేసి ఉంది. ఆ సాయంత్రమూ, మర్నాడూ, మూరెడు గుడ్డ మొత్తం పోగులయ్యేదాకా అలాగే లాగి చుట్టాను. మధ్యలో రెండు పడుగు పోగులు తెంపాను. తిట్టి, అవి ఎలా ముడేయాలో చూపించింది. మూడోది తెగినప్పుడు నేనే ముడేశాను.